ఎక్కీ ఎక్కగానే దిగిపోయే మామయ్య

రేడియోలు బాగుచేసే మామయ్య లాగిన్ బటన్ నొక్కేముందు చూపుడువేలిని చొక్కాకు తుడుచుకుంటాడు. నొక్కుతాడు. లోపలికి వెళ్తాడు. వెళ్లగానే బయటికి వచ్చేస్తాడు. ఇంత కష్టపడి తలుపు తీయించుకుని గుమ్మంలోంచే వెనక్కి మళ్లే మనిషి లోకంలో మరొకడు ఉండడు.

ఆ తలుపుకు కాపలా మేనకోడలు. పాత రేడియోలు, గడియారాలు బాగుచేసేవాళ్లు ఆన్‌లైన్‌లో కలుసుకునే సంఘానికి సర్వర్ నడిపేది ఆమే. ఆమె ఒళ్లు హూనమై ఆఫీసు నుంచి ఇల్లు చేరే వేళకే, షాపులు మూసి అందరూ ఒక్కసారిగా ఎక్కుతారు. ముసలి సర్వర్ పట్టలేక, చోటు లేదని చెప్పడం చేతకాక, ‘పాస్‌వర్డ్ తప్పు’ అంటుంది. ఆ మాట మార్చాలని ఆమె రోజూ అనుకుంటుంది. రోజూ కళ్లు మూతలు పడతాయి.

ఫోను మోగుతుంది.

“అమ్మడూ, తప్పట.”

“తప్పు నీది కాదు మామయ్యా. జనం ఎక్కువయ్యారు. కాసేపాగు.”

మళ్లీ మోగుతుంది.

“ఎక్కానే!”

“హమ్మయ్య.”

“దిగిపోయా.”

“నా ప్రాణం తోడేసి, ఎక్కి దిగిపోవడమేంటి? అదేమన్నా రంగులరాట్నమా?”

“లోపల గాలాడలేదే.”

“మీ మామయ్యకు టికెట్ చింపిన చోటే సినిమా అయిపోతుందమ్మా” అంటుంది వెనకనుంచి అత్తయ్య.

ఒక సాయంత్రం మేనకోడలు విసిగి వేసారి, లాప్‌టాప్‌తో సహా షాపుకే వెళ్లింది. విప్పిన రేడియోల మధ్య మామయ్య ఫోనులో అరుస్తున్నాడు.

“నేను దిగా. ఊఁ, ఇప్పుడు కొట్టరా. అదే పాస్‌వర్డ్.”

“వచ్చిందిరోయ్! నాకు గుర్తుంది!” అవతల ఒక ముసలి గొంతు.

మామయ్య ఫోను కింద పెట్టాడు. “గడియారాలవాడు. భార్య పోయినప్పట్నుంచీ మతి పోతోందని వాడికి బెంగ. నీ సర్వరేమో రోజూ ‘పాస్‌వర్డ్ తప్పు’ అంటుంది. ఒకడు దిగితే ఒకడికి చోటు కదా అని...”

“తప్పు సర్వర్‌దని ఆయనకు చెప్పొచ్చుగా?”

“చెప్పానే. ఓదారుస్తున్నాననుకుంటాడు. తెర మీద రాసిందే నమ్ముతాడు.”

ఆమె వైర్లు పక్కకు నెట్టి, కూర్చోకుండానే లాప్‌టాప్ తెరిచి, ఆ వాక్యం చెరిపేసింది. ‘లోపల చోటు లేదు. తప్పు మీది కాదు. కాసేపాగి రండి’ అని రాసింది.

మర్నాడు పొద్దున్నే మామయ్య లోపలికి వెళ్లాడు. దిగలేదు. గడియారాలవాడికి అందరూ చూసేలా రాశాడు: “నీ మతి భేషుగ్గా ఉందిరా. పాపమని ఇన్నాళ్లూ అడగలేదు. నువ్వు పట్టుకెళ్లిన నా సన్న స్క్రూడ్రైవర్ తెచ్చివ్వు.”