ఫైర్‌వాల్‌కు బాపు కాపలా

ఆ కరోనా రోజుల్లో సూరత్ అంతా ఖాళీగా కూర్చుంటే, మా బాపుకు మాత్రం ఊపిరి సలపని పని. మిల్లు మూతపడగానే బమ్రోలిలో మా గల్లీ మొదట్లో వెదురుబొంగు అడ్డం కట్టి, దానికి తానే కాపలాదారయ్యాడు. ("కౌన్? కిస్‌కే ఘర్? ఖాంసీ హై క్యా?" అని, ఎవరు, ఎవరింటికి, దగ్గేమైనా ఉందా అన్న విచారణ దాటకుండా సొంత బామ్మర్ది కూడా లోపలికి రాలేదు.) నేను అప్పుడే చదువు ముగించాను. రింగ్ రోడ్‌లో ఒక చీరల సేఠ్, ఇంట్లో కూర్చునే డిజైన్లు గీసే కొలువు ఇస్తానన్నాడు. కానీ ముందు నా కంప్యూటర్లో ఫైర్‌వాల్ ఆన్ చేయాలి, ఆ తర్వాత వాళ్ళ మనిషి దుకాణం నుంచే నెట్ ద్వారా అందులోకి వచ్చి అన్నీ అమర్చాలి. అదంతా ఒక్క రోజులో కాకపోతే కొలువు ఇంకొకరికి.

బయటివాళ్ళు చొరబడకుండా ఆపే ఈ ఫైర్‌వాల్ కంప్యూటర్లోనే ఉంటుంది, ఒక్కసారి నొక్కితే చాలు. కానీ మా ఇంట్లో కొత్త సాంచా (మరమగ్గాన్ని మేం అలాగే అంటాం) మొదలుపెట్టాలంటే పెద్దవాళ్ళ చెయ్యి పడాలి. కంప్యూటర్ మాత్రం యంత్రం కాదా? అమ్మ తెరకు బొట్టు పెట్టి నిమ్మకాయ తిప్పింది. బాపు మౌస్‌ను సాంచా హ్యాండిల్ గుంజినట్టు గుంజాడు. అది టేబుల్ దిగి వైరుకు వేలాడింది. ఎలాగో ఫైర్‌వాల్ ఆన్ అయింది. దాని కింద టిక్కు పెట్టని గడి ఒకటి బాపు కంట పడింది.

"గీ డబ్బా ఖాళీగున్నదేంది బిడ్డా?"

"గదా? లోపటికొచ్చేటోళ్ళందర్ని ఆపేది బాపూ."

"మరి ఇడిసిపెట్టినవేంది? ఒక్కన్ని రానిస్తే పదిమందొస్తరు!" అని అక్కడా టిక్కు పెట్టేశాడు. నేను పకపకా నవ్వి దాన్ని అలాగే వదిలేశాను. (తెలివంటే నాదే.)

కాసేపటికి దుకాణం మనిషి, లోపలికి రాలేకపోతున్నానని ఫోన్ చేశాడు. "బెన్, అందర్ నహీ ఆ పా రహా." నేను టిక్కు తీయబోతే బాపు మౌస్ మీద అరచెయ్యి పెట్టేశాడు.

"మొకం సూడకుండ ఎట్ల రానిస్తం?" అంటూ ఫోన్ లాక్కున్నాడు. "కౌన్? కిస్‌కే ఘర్? ఖాంసీ హై క్యా?"

అవతల సేఠ్ గొంతు కూడా వినబడుతోంది. నా కొలువు గంగలో కలిసిందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఖాంసీ నహీ హై, చాచా," అన్నాడు ఆ పుణ్యాత్ముడు బుద్ధిగా. "ఆప్‌కీ బేటీ కే కామ్ సే ఆయా హూఁ."

బిడ్డ పని మీదే వచ్చాడనగానే బాపు మెత్తబడి టిక్కు తీయించాడు. తెరమీద బాణం దానంతటదే కదలడం మొదలుపెట్టగానే స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "గటెటు పోతున్నడు? ఫోటోల దిక్కు పోవద్దను!" అమ్మ వంటింట్లోంచి, "జర చాయ్ తాగుతడేమో అడుగు," అంది. పనంతా అయ్యాక అతను, "చాచా, జాతా హూఁ," అని సెలవు తీసుకుని మరీ వెళ్ళాడు. సేఠ్ నవ్వు ఆపుకోలేక, రేపటినుంచి పని మొదలుపెట్టమన్నాడు.

మిల్లు తెరవగానే బాపు మళ్ళీ సాంచాల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేనిప్పుడు రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను, ఆయన దాని జోలికే రాడు. ఆ మధ్యాహ్నం సిగ్గుతో కళ్ళు మూసుకున్న పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పిచ్చిదానా, కొలువు ఎక్కడికీ పోలేదు. మీ బాపు నీ పక్కన కూర్చుని నీ పని చూసింది ఆ ఒక్క రోజే, కళ్ళు తెరిచి చూడవలసింది.