నల్ల సిమెంటు

మా ఆయన బొగ్గు బాయిలో బొగ్గు కొట్టేవాడు. ఏది మంచి బొగ్గో ఏది రాయి కలిసిన బొగ్గో ఒక్క చూపుతో చెప్పేవాడు. ఆ చూపే మా కొంప ముంచింది.

కంపెనీ క్వార్టర్ ఇంకా రాలేదు. మట్టి గోడల ఇంట్లో ఉండేవాళ్లం. కిందటి వానలకు ఒక గోడ ఊయల పక్కనే కూలింది. అదృష్టం, అప్పుడు పిల్ల నా ఒళ్లో ఉంది. మళ్లీ వానలు వచ్చేలోపు అక్కడ ఇటుకతో సిమెంటు గోడ లేవాలని పట్టుబట్టాను.

సిమెంటు సర్కారు పర్మిట్టు మీదే దొరికే రోజులు. అది లేకుండానే ఈయన ఎక్కడో దొరికిందని నాలుగు బస్తాలు తెచ్చాడు. గోడ కట్టే మేస్త్రి ఈయనకు వరసకు బావ. బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి వేళ్లతో నలిపాడు.

"బావా, మంచి సిమెంటు చేతికి సల్లగుంటది. ఇది సల్లగ లేదు. గరుకుగున్నది. బూడిద కలిపిండ్రు."

"నల్లగున్నది కనవడ్తలేదా? నలుపుంటేనే బలం. పదేండ్ల సంది బొగ్గు గొడ్తున్న, నాకు తెల్వదా?"

"ఇది పొయ్యిల పెట్టేది కాదు బావా."

"కట్టు నువ్వు."

కట్టాడు. ఎనిమిది రోజులు నీళ్లు పట్టాను. తొమ్మిదో రోజు గరిటె కాడతో గీస్తే సందుల్లోంచి పొడి రాలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ నల్ల బలం సూద్దువు రా!"

ఆయన ఒక ఇటుక లాగాడు. వచ్చింది. ఇంకోటి లాగాడు, అదీ వచ్చింది. గడ్డపార అక్కర లేకుండా పొద్దెక్కేలోపు గోడంతా విప్పేశాం. తర్వాత ఆయన నడుచుకుంటూ మేస్త్రి ఇంటికి పోయాడు.

ఈసారి పర్మిట్టు రాయించి మేస్త్రే తెచ్చాడు. బస్తా విప్పి, మా ఆయన చెయ్యి పట్టుకుని లోపల పెట్టాడు.

"ఎట్లున్నది?"

"సల్లగున్నది."

"రంగో?"

"నేను సూడలే."

వానలకు ముందే గోడ లేచింది. అయినా నాకు భయం పోలేదు, ఆయనకూ పోలేదు. ఆ వానాకాలమంతా డ్యూటీ దిగి రాగానే, స్నానం కూడా చెయ్యకుండా, ఊయల పక్కన గోడను అరచేత్తో నెట్టి చూసేవాడు. నేను చూడనట్టు పని చేసుకునేదాన్ని.

దసరాకు ఇల్లంతా సున్నం వేశాను. ఊయల ఎత్తున పడ్డ ఆ బొగ్గు చెయ్యి మచ్చను మాత్రం వదిలేశాను.