తాతయ్య ఇచ్చిన మజ్జిగ

నా చిన్నప్పుడు, మేం అమెరికాలోని చాండ్లర్ వచ్చిన మొదటి ఎండాకాలంలో, ఆరెంజ్ బట్టలు వేసుకున్న ఒక మనిషి మా తాతయ్య వైపు చెయ్యి చాచాడు. నాకు భయమేసింది. అది 2001. నాకు పదేళ్ళు.

అవి ఖైదీల బట్టలు. వాళ్ళని వ్యాన్‌లో తీసుకొచ్చి మా ఇంటి వెనక రోడ్డు పక్కన కలుపు పీకిస్తున్నారు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన తాతయ్య, రిటైరయ్యేదాకా ఇండియాలో ఒక జైల్లో ఖైదీలకు వడ్రంగం నేర్పిన మాస్టారు. అందుకేనేమో, వాళ్ళలో ఒకతనితో తనకొచ్చిన ఇంగ్లీష్‌లో మాట కలిపాడు. మూడు రోజులు ఎండలో వంగితే వచ్చే కూలి, కూతురికి చేసే ఒక్క ఫోన్ కాల్‌కి సరిపోతుందట. ఆ అమ్మాయిదీ నా ఈడే. అదే పనికి బయటివాడికి ఎంతివ్వాలో అని తాతయ్య భోజనాల దగ్గర ఆశ్చర్యపోతే, నాన్న కంచంలోంచి తలెత్తకుండా, "వాళ్ళ జోలికి వెళ్ళకు నాన్నా, మనం వీసా మీద ఉన్నవాళ్ళం" అన్నాడు.

మా వైపు, ఇంటి దగ్గర ఎండలో పనిచేసే మనిషిని మజ్జిగ ఇవ్వకుండా పంపరు. మర్నాడు తాతయ్య ఉప్పూ అల్లమూ వేసిన మజ్జిగ బాటిల్లో పోసుకుని వెళ్ళాడు. అతను అటూ ఇటూ చూసి చెయ్యి చాచింది దానికే. బాటిల్ తాతయ్య ఒంటి చాటున ఉంది; పెరట్లో ఉన్న నాకు ఆ చెయ్యొక్కటే కనిపించింది. భయమేస్తే పెద్దవాళ్ళకి చెప్పమని స్కూల్లో నేర్పారు. పరిగెత్తుకెళ్ళి కాపలా ఆఫీసర్‌కి చెప్పాను, ఒక ఖైదీ మా తాతయ్య దగ్గర ఏదో తీసుకున్నాడని. అది అబద్ధం కాదు.

ఆఫీసర్ బాటిల్ లాక్కుని, వాసన చూసి, నేల మీద పారబోశాడు. "సర్, బటర్‌మిల్క్ సర్, ఓన్లీ బటర్‌మిల్క్" అంటూ తాతయ్య అతని వెనకే తిరిగాడు. ఆ మనిషిని వ్యాన్ ఎక్కించారు. ఎక్కుతూ నా వైపు చూశాడు. కోపంగా కాదు.

మర్నాడు వ్యాన్ వచ్చింది, అతను రాలేదు. బయటి పనిలోంచి తీసేశారని మిగతావాళ్ళు తాతయ్యకి చెప్పారు. లోపల ఇంకో పని దొరికేదాకా కూలీ లేదు, ఫోనూ లేదు.

తాతయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తప్పు నాదేనమ్మా. బయటివాళ్ళ దగ్గర ఖైదీ ఏమీ పుచ్చుకోకూడదన్న రూల్ నాకు తెలుసు. ఒకడు బీడీ పుచ్చుకున్నాడని నేనే ఓసారి రిపోర్ట్ రాశాను" అన్నాడు. తర్వాత, "ఇండియాలో మనింట్లో టేకు మంచం ఆ జైల్లో చేసిందే. చవగ్గా వచ్చిందని మీ నాయనమ్మ మురిసిపోయింది. చేసినవాడికి ఏం ముట్టిందో నేను ఒక్కనాడూ అడగలేదు" అన్నాడు.

ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. మొన్న సాయంత్రం వాళ్ళతో కార్లో వెళ్తుంటే పార్క్ దగ్గర మళ్ళీ ఆ ఆరెంజ్ బట్టలు కనిపించాయి. నా వేలు దానంతటదే కార్ లాక్ మీదికి వెళ్ళింది. "వై, అమ్మా?" అని మా పెద్దాడు అడిగాడు. కారు ముందుకు పోనిచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున సీరియల్ తింటున్న పిల్లలిద్దరి ముందూ కూర్చుని చెప్పాను. "నిన్న అమ్మ ఊరికే భయపడింది. ఆ అంకుల్ మీ జారుడుబల్ల దగ్గర ముళ్ళు ఏరుతున్నారు. అలా చాలా రోజులు ఏరితే ఆయనకి ఒక ఫోన్ కాల్ దొరుకుతుంది. ఆ కాల్ కోసం ఎక్కడో మీలాంటి పిల్లలు కాచుకుని ఉంటారు."