పార్సిలు మీద ఎర్ర సున్నా

పార్సిలు మూల మీద ఎర్ర మార్కరుతో సున్నా చుట్టే పద్ధతి మొదలుపెట్టింది నేనే. ఇంకొకరి మీదికి తోసేద్దామని చాలాసార్లు అనిపించింది గానీ, నేనే.

కరోనా రెండో విడత నాటికి నేను సారపాకలో పార్సిళ్లు పంచే పనిలో ఉన్నాను. మా కొరియర్ ఆఫీసులో నలుగురం. మనిషికి రెండు మాస్కులు, నలుగురికీ కలిపి ఒక శానిటైజర్ సీసా ఇచ్చారు. అది సగమైనప్పుడల్లా ఇన్‌ఛార్జి నీళ్లు కలిపేవాడు. పొద్దున్నే మా నుదుటికి మిషన్ పెట్టి జ్వరం చూసేవాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. మా పేర్లు, పక్కన అంకెలు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఆ గ్రూపులో మేమే కాదు, బజారులో సగం మంది దుకాణాల వాళ్లు ఉన్నారు. ఒకరోజు ఎండలో మూటలు దించి అలాగే వచ్చి నిలబడితే నా అంకె కాస్త ఎక్కువ చూపించింది. సాయంత్రం పాలాయన మా ఇంటి ముందు బండి ఆపకుండా వెళ్లిపోయాడు. మరునాడు ఇన్‌ఛార్జి మీద ఇంతెత్తున లేచాను.

“నా ఒంటి వేడి ఊరందరికి ఎందుకు చెప్తున్నవ్?”

“సేఫ్టీ కోసమే గదనే,” అన్నాడు.

ఆ మాటకు ఒళ్లు మండింది. నెల తిరక్కముందే అదే మాట నా నోట వచ్చింది.

మా నలుగురిలో ఒకతను జ్వరంతో దవాఖానాలో చేరాడు. మాకు భయం పట్టుకుంది. ఏ ఇంట్లో పాజిటివ్ ఉందో తెలియకుండానే ప్రతి గుమ్మం ఎక్కుతున్నాం. తెలిసిన ఆశా వర్కర్‌ని బతిమాలితే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఆ ఇళ్లేవో చెప్పింది. మేము ఎవరికీ చెప్పలేదు. పార్సిలు మీద సున్నా చుట్టాం, అంతే. సున్నా కనిపిస్తే లోపలికి పోకూడదు, బయటే పెట్టి ఫోన్ చేసి వచ్చేయాలి. మిగతావాళ్లు నా తెలివిని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

కాగితం మిల్లుకు పోయే దారిలో ఒకే వరసలో నాలుగు అద్దె గదులు ఉండేవి. అందరికీ ఒకటే అరుగు, ఒకటే నల్లా. చివరి గదిలో అడవి పల్లె నుంచి వచ్చిన ఆలుమగలు. అతను మిల్లులో కాంట్రాక్టు కింద వెదురు దించేవాడు. పాజిటివ్ వచ్చింది అతనికే. ఆరోజు ఆ వరసకు మూడు పార్సిళ్లు వచ్చాయి. మూడింటినీ అరుగు మీద పక్కపక్కన పెట్టి, ఫోన్లు చేసి వెళ్లిపోయాను. సున్నా ఉన్నది వాళ్ల పార్సిలు ఒక్కదాని మీదే.

మా గుర్తు మాకే తెలుసనుకున్నాం. వీధి వీధంతటికీ ఎప్పుడో అర్థమైపోయింది.

మరునాడు అటు వెళ్లేసరికి వాళ్ల బియ్యం సంచి, స్టవ్, చుట్టిన చాప అరుగు మీద ఉన్నాయి. ఇల్లుగలాయన ఖాళీ చేయమన్నాడట. అతను గోడకు చేరగిలబడి దగ్గుతున్నాడు. ఆమె నన్ను చూసి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

“అన్నా, ఆ ఎర్ర సున్నా నువ్వే పెట్టినవా?”

“అవ్.”

“మేము ఎవ్వరికి చెప్పలే. నల్లా కాడికి గూడ అందరు పోయినంకనే పోతున్న. నీకెట్ల తెలిసింది?”

“మా సేఫ్టీ కోసం...” అని ఆగిపోయాను.

ఆమె కోప్పడలేదు. “నన్నడిగితే దూరం పెట్టి పొమ్మని నేనే చెప్తుంటి గద,” అంది.

ఇల్లుగలాయన దగ్గరికి వెళ్లాను. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కుని స్థిరపడిన పెద్దాయన. “ఆళ్లు జాగ్రత్తగనే ఉంటున్నరండి, పది రోజులు ఉండనియ్యండి,” అని బతిమాలాను.

ఆయన గేటు అవతల నుంచే మాట్లాడాడు. “గుర్తు పెట్టింది నువ్వు. నువ్వేమో బయట పెట్టి పారిపోతావు. నన్నేమో ఇంట్లో ఉంచుకోమంటావా?”

వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే, కానీ ఆ మాటకు జవాబు మాత్రం ఇప్పటికీ లేదు.

సొంత ఊరూ వాళ్లను రానివ్వలేదు. ఊరి మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టి, టౌను నుంచి వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపేస్తున్నారు. ఇక మిగిలింది ఊరి బయట వాళ్ల చేను దగ్గరి కావలి గుడిసె. అప్పుడే వానలు మొదలయ్యాయి. దడి కూడా లేని ఆ గుడిసెలో, దగ్గే మనిషిని పెట్టుకుని ఆమె ఇరవై రోజులు ఉంది. అతను బతికాడు.

ఆరోజు ఇల్లుగలాయన దగ్గర్నుంచి నేరుగా ఆఫీసుకెళ్లి మార్కరు మురుగు మోరీలో పారేశాను. “ఇగ నుంచి అందరివీ గేటు కాడనే పెడదాం. ఎవరింట్లకూ పోవుడు లేదు. అప్పుడు ఎవరికుందో మనకెందుకు?” అన్నాను.

“గింతే గద, గీ పని ముందే ఎందుకు చెయ్యలే?” అన్నాడొకడు.

ఎందుకంటే ప్రతి గేటు దగ్గరా మనిషి బయటికొచ్చేదాకా ఆగాలి. ఇంటికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవడానికే ఇళ్లకు సున్నాలు చుట్టాం. ఆ రోజే ఇన్‌ఛార్జితోనూ మళ్లీ పోట్లాడాను. గొణుక్కుంటూనే మా అంకెలు గ్రూపులో పెట్టడం మానేసి, నోటుబుక్కులో రాసి సొరుగులో పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ ఆలుమగలు ఇప్పుడు మళ్లీ సారపాకలోనే, వేరే వీధిలో ఉంటున్నారు. అప్పుడప్పుడు వాళ్లకు పార్సిలు వస్తుంది. ఆమె నవ్వుతూనే పలకరిస్తుంది, ఎండగా ఉంటే మంచినీళ్లు ఇస్తుంది. ఒకసారి తప్పయిందని చెప్పుకున్నాను. “అయ్యిందేదో అయ్యింది తీయన్నా,” అంది. ఆరోజు గుండె తేలికపడి ఇంటికొచ్చాను.

తర్వాత గమనించాను. పార్సిలు చేతికిచ్చాక అందరూ పేరు చూసుకుంటారు, ఏమొచ్చిందో చూసుకుంటారు. ఆమె ముందు మూలలు చూస్తుంది. డబ్బాను మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క మూలే చూసి, అప్పుడు లోపలికి తీసుకుపోతుంది. ఆమె చూడడం అయ్యేదాకా నేను గేటు దగ్గరే నిలబడతాను.