నిండు గ్లాసు, ఎడమ మోకాలు

నాచారంలోని నా ఫిజియోథెరపీ క్లినిక్ రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. ఉప్పల్ వైపు మెట్రో స్తంభాలు లేవడం మొదలైనప్పటి నుంచి మా కిటికీ ముందు రద్దీ పెరిగింది. బస్సు గేరు మారినప్పుడల్లా అద్దం సన్నగా వణుకుతుంది, డీజిల్ వాసన గదిలోకి వస్తుంది. మొన్న ఒక డ్రైవరు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేశాడు. బస్సు ముందుకు ఎగిరిపడింది. లోపల నిలబడినవారి కేకలు నా బల్ల దాకా వినిపించాయి. ఆ సమయంలో నా చేతుల్లో ఒక బ్యాంకు ఉద్యోగిని గారి కుడి మోకాలు ఉంది. ఆపరేషన్ జరిగి నెల. నా చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. "ఏమైందండీ?" అని ఆవిడ భయంగా అడిగారు. "ఏమీ లేదండీ. మా గురువు గారు ఇక్కడుంటే ఆ డ్రైవరును కిందికి దింపి ఉండేవారు," అన్నాను. నా గురువు ఏ కళాశాలలోనూ పాఠం చెప్పలేదు. ఆయన పేరు యాదగిరి. ముప్పై ఏళ్లకు పైగా సిటీ బస్సు నడిపి పదవీ విరమణ చేసిన మనిషి, నా మొట్టమొదటి పేషెంటు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. నాన్నగారు గుంటూరు వైపు నుంచి వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పెట్టెలు మోసేవారు. నాకు పట్టా వచ్చిన రోజున వీధి వీధంతా తిరిగి "మావాడు డాక్టరయ్యాడు" అని చెప్పారు. మరునాడు నేను అదే వీధంతా తిరిగి, డాక్టరును కాననీ ఫిజియోథెరపిస్టుననీ ఇంటింటా సవరించి వచ్చాను. అప్పట్లో నేను అలాంటివాణ్ణి. నెల తిరగకముందే ఒక సర్జన్ గారు తాను ఎడమ మోకాలి కీలు మార్చిన పేషెంటును నాకు అప్పగించారు. "ఆరో వారం చూపించుకోవడానికి వచ్చేసరికి తొంభై డిగ్రీలు వంగాలి. వంగకపోతే మళ్లీ మత్తిచ్చి నేనే వంచాల్సి వస్తుంది," అన్నారు. ఇస్త్రీ ప్యాంటు, కొత్త రిజిస్టరు, సైకిలుతో నేను పాత ఉప్పల్‌లోని ఆ ఇంటికి బయలుదేరాను.

ఆయన మంచం మీద, మోకాలి కింద మెత్తటి దిండుతో, రాజుగారిలా కూర్చుని ఉన్నారు. "ఎవలు నువ్వు?" అన్నారు. "మీ పునరావాస చికిత్స నిమిత్తం నియమితుడనైన ఫిజియోథెరపిస్టునండి," అన్నాను. ఆయన భార్య వైపు తిరిగి "ఏమంటుండే?" అని అడిగారు. అంజమ్మ గారు బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా "కాలు వంచనీకె వచ్చిండంట," అన్నారు. కీలు ఎంత వంగిందో కొలిచే కోణమానిని నేను సంచిలోంచి తీయగానే ఆయన కళ్లు చిట్లించారు. "గదేంది, స్కేలా? వడ్రంగోనివా ఏంది?" ఆ రోజు ఆయన మోకాలు యాభై ఎనిమిది డిగ్రీలు వంగింది, నా పేరు మాత్రం 'స్కేలు సారు'గా స్థిరపడింది.

మొదటి యుద్ధం దిండుతో జరిగింది. దిండు సుఖంగానే ఉంటుంది కానీ, దాని మీద అలవాటుపడిన మోకాలు ఇక తిన్నగా చాచుకోదు. ఆ సంగతి పది నిమిషాలపాటు విశదీకరించి దిండు తీసేశాను. మరునాటికి రెండు దిండ్లు ఉన్నాయి. ఆ బస్తీలో పేషెంటును చూడటానికి వచ్చేవారు అరటిపండ్లతోపాటు కాస్త జాలి కూడా వెంట తెచ్చుకునేవారు. "అయ్యో పాపం, కాలు గాల్ల ఉన్నదే" అంటూ అందినదేదో మోకాలి కిందికి తోసేవారు. ఒక రోజు మడిచిన దుప్పటి, ఒక రోజు పక్కింటివారి సోఫా మెత్త దొరికాయి. చివరికి 'మోకాలి క్రింద దిండు ఉంచరాదు' అని అట్ట మీద రాసి గోడకు అంటించాను. యాదగిరి గారు దాన్ని ఆసాంతం చదివి, "బస్సుల గిట్లనే రాస్తరు, 'పొగ త్రాగరాదు' అని. బీడీ ముట్టిచ్చేటోడు గది సూస్కుంటనే ముట్టిస్తడు," అన్నారు.

వ్యాయామం చేయించడం రెండో యుద్ధం. మడమను పరుపు మీద ఈడ్చుకుంటూ పిరుదుల వైపు తెచ్చుకోవాలి, పది సార్లు. అంకెలు లెక్కపెట్టడం ఆయనకు నచ్చలేదు. "అంకెలు కండక్టర్ పని. నాకు స్టాపులే తెలుస్తయ్," అన్నారు. అందుకని ఒక్కో ఈడ్పుకు ఒక్కో స్టాపు పిలిచేవారు: డిపో, రింగ్ రోడ్డు, స్ట్రీట్ నంబర్ ఎయిట్, హబ్సిగూడ. అయిదోది తార్నాక. అక్కడికి వచ్చేసరికి నొప్పి మొదలయ్యేది. "ట్రాఫిక్ జామ్. బండి కదలది," అని కళ్లు మూసుకునేవారు. ఎంత బతిమాలినా ఆరో స్టాపు మెట్టుగూడ రాలేదు. నా రిజిస్టరులో ఆ పదిహేను రోజులూ 'నేడు తార్నాక వరకు' అని రాసి ఉంటుంది.

మిగిలింది నేను చేత్తో వంచడం. "ఒకటి... రెండు... మూడు" అని హెచ్చరించి వంచేవాణ్ణి. మూడు అనగానే ఆయన పెట్టే కేకకు వీధిలోవాళ్లు గుమ్మం దాకా వచ్చేవారు. నాలుగో వారం పూర్తయ్యేసరికి అరవై ఆరు దగ్గరే ఉన్నాం. రెండు వారాలే గడువు. చూడవచ్చినవారితో ఆయన గంభీరంగానే మాట్లాడేవారు: "ఒకపాలి షెడ్డుకు పోయొచ్చిన బండి మల్ల గదే రిపేరుకు పోతే డ్రైవర్‌కు ఇజ్జత్ ఉండదు." కానీ ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. "నడుముకు సూదిచ్చిండ్రు గద, కాలు తెల్వలే. గని చెవులు పనిజేసినయ్ సారు. సుత్తి సప్పుడు ఇన్న. టక్కు టక్కుమని ఎవలదో ఇల్లు కడుతున్నట్టు. అది నా కాలే. మల్ల గా బల్ల మీద పండుకోను. నాతోని కాదు." "నేనేం చేయాలండీ?" అని అడిగాను. ఒక పేషెంటును అలా అడగడం అదే మొదటిసారి.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మూడు అనంగనే నా పాణమంత బిగుసుకుంటది. నువ్వు హారన్ కొట్టి మరీ గుద్దుతున్నవ్. ఇంకోటి, నువ్వు ఎంతసేపూ స్కేలు సూస్తవ్, నా మొకం సూడవ్. అద్దం సూడకుండ బండి నడిపెటోడు డ్రైవరా?" అని, "అంజమ్మా, గ్లాసుల నీళ్లు తే. నిండ పొయ్యి," అని కేకేశారు. మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, తొడ మీద తువ్వాలు పరచి, నిండు స్టీలు గ్లాసును దాని మీద నిలబెట్టారు. "నాకు బండి నేర్పినాయన ఇంజన్ డబ్బా మీద గిట్లనే గ్లాసు పెడుతుండె. క్లచ్ ఇడిసినట్టు నిలవడ్డ ముసలమ్మకు తెల్వొద్దు. ఇగ వంచు. నీళ్లు ఒలికినయంటే నువ్వు దిగిపోవాలె."

మొదటి రోజు మూడు గ్లాసులు ఒలికాయి, అన్నీ నా ఇస్త్రీ ప్యాంటు మీదే. రెండో రోజు అంజమ్మ గారు జాలిపడి గ్లాసు కాస్త వెలితిగా తెచ్చారు. ఆయన వాపసు పంపించారు. "సార్, నెమ్మదిగానే..." అని నేను మొదలుపెడితే "సార్ గీర్ బంజెయ్. మామ అను. భయం తగ్గుతది," అన్నారు. ఎవరి భయమో చెప్పలేదు. నాలుగో రోజున ఆయన, రింగ్ రోడ్డులో ఒక బర్రె బస్సు ఎక్కబోయిన కథ చెబుతున్నారు. నేను ఆయన ముఖం చూస్తూ, నుదుటి మీద ముడత పడినచోట ఆగుతూ, అది విడినప్పుడు కదులుతూ ఉన్నాను. కథ అయ్యాక "ఇగ మొదలువెట్టు," అన్నారు. "డెబ్బై అయిదు దాటింది మామా," అన్నాను. గ్లాసు నిండుగా ఉంది. ఆయన దాన్ని గటగటా తాగేసి, మీసం తుడుచుకున్నారు.

ఆరో వారం ఆసుపత్రికి ఆటోలో వెళ్దామన్నాను. ఒప్పుకోలేదు. "గిన్నేండ్లు మందిని దవాఖానకు నేను తీస్కపోయిన, ఇప్పుడు ఆటోల పోతనా?" మంచి కాలు ముందు వేసి ఎక్కమని నేను చెబుతుండగానే సిటీ బస్సు ఎక్కేసి, డ్రైవరు వెనక సీటులో కూర్చున్నారు. కుర్ర డ్రైవరు హబ్సిగూడలో క్లచ్ ఎగరేశాడు. "ఏం కొడుకా, కప్పను తొక్కినవా?" అని మామ అరిచారు. ముందున్న రేకుకు మోకాలు ఆనుకుని బాగా వంగి కనిపించింది. నేను ఉండబట్టలేక కోణమాని తీశాను. కండక్టరు వచ్చి, "సీట్ల కొలతలు తీస్తున్నవా అన్నా?" అన్నాడు. ఎనభై ఎనిమిది. "తొంభై రాయి, ఎవలు సూస్తరు," అన్నారు మామ. "రాయలేను మామా." ఆయన మెట్టుగూడ దాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నారు.

సర్జన్ గారు మోకాలు పట్టుకుని "రిలాక్స్. వన్, టూ..." అనగానే మామ ముఖం గోడలా బిగుసుకుపోయింది. కాలు ఎనభై దగ్గరే ఆగింది. డాక్టరు గారు పెదవి విరిచారు. మామ బల్ల అంచు పట్టుకుని, "డాక్టర్ సాబ్, జరుగుండ్రి. మా పిలగాడు వంచుతడు," అన్నారు. నేను మోకాలి కింద చేతులు పెట్టాను. గ్లాసు లేదు, ఉన్నట్టే అనుకున్నాను. "మామా, ఆ బర్రె చివరికి ఎక్కిందా?" అని అడిగాను. ఆయన నవ్వబోయారు. నవ్వు పూర్తయ్యేలోపు సర్జన్ గారు వంగి, తమ కోణమాని ఆనించి, "తొంభై రెండు. మత్తు అవసరం లేదు," అన్నారు. తిరుగు దారిలో మామ, "తొంభై రాసుంటే రెండు డిగ్రీలు లాసయ్యేది నాకు," అన్నారు.

ఆ మోకాలితో ఆయన ఎన్నో ఏళ్లు ఉప్పల్ అంతా తిరిగి, కిందటి ఏడాది గుండెపోటుతో వెళ్లిపోయారు. నా క్లినిక్‌లో బల్ల పక్కన ఒక నిండు స్టీలు గ్లాసు ఉంటుంది. కొత్తగా చేరిన సహాయకులు మంచినీళ్లకేమో అనుకుని తాగేస్తుంటారు. మొన్న ఆ బస్సు వెళ్లిపోయాక, బ్యాంకు ఉద్యోగిని గారిని వాళ్ల మేనేజరు గురించి అడిగాను. ఆవిడ చాలాసేపు తిట్టారు. తర్వాత గుర్తొచ్చి, "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అన్నారు. నేను కోణమాని చూశాను.

"తార్నాక దాటామండీ," అన్నాను.