మంచం కింద కొత్త టైర్లు

మొన్న మా మనవరాలు గుడివాడలో టైర్ల కొట్టు ముందు కారు ఆపి, నన్ను దింపి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. కొట్టతను ప్రతి చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని, చారల్లో ఏదో సన్నటి పుల్లలాంటిది గుచ్చి చూసి, నాలుగూ మార్చేస్తే మంచిదండీ అన్నాడు. పిల్ల కూడా వంగి చూసింది. చారలు కనిపిస్తూనే ఉన్నాయి కదండీ, ఇంకో వానాకాలం లాగవా అంది. లాగొచ్చేమో గానీ పక్కన సన్నగా నెర్రెలిచ్చిందండీ, మీ ఇష్టం అన్నాడతను. ఇద్దరూ కలిసి నా వంక చూశారు. తాతయ్య కారు నడిపాడు కదా, నువ్వేమంటావు అమ్మమ్మా అని పిల్ల అడిగింది. ఎక్కడికి వెళ్తున్నామే అన్నాను. చిన్నమ్మమ్మ వాళ్ళింటికి కదా అంది. అయితే మార్చు అన్నాను. ఇదేం లెక్క అమ్మమ్మా అని పిల్ల నవ్వింది. కొట్టతను కూడా నవ్వాడు. ఆ లెక్క నా వయసు వాళ్ళకైతే చెప్పక్కరలేదు గానీ, చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది.

మా ఆయనది అంబాసిడర్ కారు, అద్దెకు తిప్పేవారు. అవనిగడ్డకు దిగువన మా ఊరు. ఆ చుట్టుపక్కల ఎవరికి బందరు ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినా, ఎవరి పిల్లను అత్తారింట్లో దింపాలన్నా ఆ కారే గనుక అది మాది అని మేం అనుకోవడమే గానీ నిజానికి ఊరందరిదీ. పొద్దున లేచి పళ్ళయినా తోముకోకముందే ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కో టైరునూ అరచేత్తో చరిచి, పుచ్చకాయ కొనేవాడిలా చెవి ఒగ్గి వినేవారు. గాలి ఎక్కించే గొట్టం మూతి మీద ఉమ్మి రాసి బుడగ లేస్తుందేమో చూసేవారు. అదే వేలితో తర్వాత కాఫీ గ్లాసు పట్టుకునేవారు, నేను తిట్టేదాన్ని.

ఇప్పటిలాగా పాతదైందని తీసిపారెయ్యడం మా ఇంట్లో తెలియదు. పంచరు పడితే ట్యూబు బయటకు లాగి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలొచ్చే చోటు పట్టుకుని, గీకి, జిగురు పూసి రబ్బరు ముక్క అంటించేవారు. టైరే కోసుకుపోతే పాత టైరులోంచి ఒక ముక్క కోసి లోపలి నుంచి దాపుగా పెట్టేవారు. గేటరు అనేవాళ్ళు దాన్ని. గేటరు పెట్టిన చక్రం రోడ్డు మీద దబ్బు దబ్బుమంటూ నడుస్తుంది, మా కారు ఊరి మలుపులో ఉండగానే ఇంట్లో నాకు తెలిసిపోయేది, పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. ముందు టైర్లు అరిగితే వెనక్కి వెళ్ళేవి, వెనకవి అరిగితే డిక్కీలో స్టెప్నీ అయ్యేవి. అక్కడా చాలించుకున్నాక కొన్ని చెప్పులయ్యేవి, కొన్ని గడ్డివాము మీద కప్పిన పట్టాకు బరువయ్యేవి, కొన్ని రేవులో పడవ పక్కలకు వేలాడేవి. మా ఇంట్లో టైరుకు చావు లేదు, ఉద్యోగం మారడమే.

నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. నలభై దాటాక చర్చిలో ఆడవాళ్ళకు పెట్టిన బడిలో, నా కూతురి వయసు పిల్ల దగ్గర, పలక పట్టుకుని కూర్చున్నాను. బైబిలు తర్వాత నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట మా కారు ముందు పోతున్న లారీ వెనకాల రాసిన 'నిదానమే ప్రధానము'. అది పైకి చదివితే మా ఆయన ఎంత సంబరపడ్డారో, ఆ లారీని దాటకుండా చల్లపల్లి దాకా దాని వెనకే పోనిచ్చారు. టైర్ల మీద రాసినవన్నీ ఇంగ్లీషు గనుక ఆ చదువు టైర్ల సంగతిలో మాత్రం అక్కరకు రాలేదు.

అసలు సంగతి దానికి చాలా ముందుది. దివిసీమలో వరి కోశాక అదే పొలంలో మినుములు చల్లుతారు కదా. ఆ మొక్కలు పీకి, ఎండబెట్టి, ఆ ఎండు కట్టెను కాయలతో సహా రోడ్డు మీద మందంగా పరిచేవాళ్ళు. బస్సులూ లారీలూ దాని మీదుగా పోతుంటే కాయలు పగిలి గింజలు రాలేవి. ఆడవాళ్ళు పక్కన నించుని కట్టె తిరగేస్తూ, బండి పోగానే చేటలు పట్టుకుని దిగేవాళ్ళు. ఒళ్ళు వంచకుండా ఊరి పంటంతా దారినపోయేవాళ్ళ చేత నూర్పించుకునే తెలివి అది, నేనూ చేశాను. అయితే లారీ ఎక్కితే గింజ చితికి పప్పయిపోయేది. కొత్త టైర్ల బండి ఎక్కితే చారల్లో గింజలు ఇరుక్కుని దాంతో పాటే బందరు పోయేవి. మా ఆయన కారు టైర్లు అప్పటికి అరిగి అరిగి గుండులా నున్నగా ఉండేవి గనుక, ఆ కారు ఎక్కిన కట్టెలో గింజ చెక్కుచెదరకుండా రాలుతుందని మా ఊరి ఆడవాళ్ళకు ఒక నమ్మకం కుదిరింది. నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. గుండు కారు వస్తోందని ఒకామె కేకేస్తే అందరూ కట్టె సర్దుకునేవాళ్ళు. బావా, ఇంకొక్క తిరుగు తిరుగు, నీ టైరు మెత్తన నా మనసంత అని వరసైనవాళ్ళు పరాచికాలాడేవాళ్ళు. ఆయన మీసం కింద నవ్వుకుంటూ ముందుకూ వెనక్కూ తిప్పేవారు. పొగిడితే పడిపోయే మనిషి.

అలాగని కొత్త టైర్లు కొనలేదా అంటే, కొన్నారు. బందరు నుంచి తెచ్చి, గోనెసంచులు చుట్టి, మా మంచం కిందకు తోశారు. ఆ రబ్బరు వాసనకు నాకు నిద్ర పట్టేది కాదు. ఎందుకు దాచడం, వేసుకోవచ్చు కదండీ అంటే, మినుముల రోజులు వెళ్ళనీయవే, అందరూ ఆశపెట్టుకున్నారు అనేవారు. వాళ్ళందరిలోకీ పెద్ద కుప్ప మా అత్తగారిదే, ఆవిడ కొడుకుని వెనకేసుకొచ్చేది. కొత్త బట్ట పండగ దాకా దాచుకున్నట్టు మా ఊళ్ళో కొత్త టైరునూ దాచుకున్నాం.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి పెళ్ళి కుదిరింది, మా మరిదితోనే. అక్కాచెల్లెళ్ళం తోటికోడళ్ళం అవుతామని నేను ఎగిరి గంతేశాను గానీ, చెల్లెలికి సంతోషం కంటే భయమే ఎక్కువ. అంతకు ముందు ఏడు వేరే సంబంధం కుదిరి, ఈ పెళ్ళి జరగాల్సిన బందరు చర్చిలోనే, తెల్లచీర కట్టుకుని తలమీద ముసుగు వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. పెళ్ళికొడుకు వాళ్ళు రాలేదు. ఎందుకు రాలేదో వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వచ్చిన చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళారు. అప్పటి నుంచి అది నలుగురిలోకి రావడం మానేసింది. ఈసారి ముహూర్తమంటూ మాకు లేకపోయినా, చెప్పిన వేళకు మగపెళ్ళివారు రావాలి, ఒక్క ఘడియ ఆలస్యమైనా నేను లేచి ఇంటికి వెళ్ళిపోతానక్కా అని నాతో ముందే చెప్పింది. అలా లేచి వెళ్ళిపోతే ఇక మళ్ళీ ఏ చర్చి మెట్టూ ఎక్కదని నాకు తెలుసు.

ఈస్టరు ముందు ఉపవాసాల నలభై రోజులూ మాకు పెళ్ళిళ్ళు ఉండవు, ఆ ఏడు ఈస్టరు తొందరగా వచ్చింది గనుక పెళ్ళి సరిగ్గా మినుముల మీద పడింది. పెళ్ళినాడు పొద్దున మా ఆయన మంచం కింద నుంచి గోనెసంచులు బయటకు లాగారు కూడా. అంతలో మా అత్తగారు, పెళ్ళి నుంచి వచ్చాక వేసుకుందువులే నాయనా, రేపు ఆఖరి కుప్ప ఉంది అంది. సంచులు మళ్ళీ మంచం కిందకు వెళ్ళాయి. నేను ఊరుకోలేదు, గొణిగాను. కొత్త బండికి దిష్టి తీసినట్టు ఆ గొణుగుడు కూడా కారు చుట్టూ తిరిగి గాల్లో కలిసిపోయింది.

మా మరిది తెల్ల సూటు, పక్కన అత్తగారు, ముందు నేనూ మా ఆయనా. చల్లపల్లి దాటి కాస్త దూరం పోయామో లేదో, మలుపు తిరగ్గానే రోడ్డు నిండా మినపకట్టె. మా ఊరిది కాదు, ఎవరిదో. ఆ వేగంలో దాని మీదకు ఎక్కాం. కింద గింజలు, పైన కట్టె, వాటి మీద గుండు టైర్లు. కారు వెనక భాగం మెల్లగా, ఎవరో చెయ్యి పట్టుకుని తిప్పినట్టు, పక్కకు తిరిగింది. మా ఆయన బ్రేకు తొక్కుతుంటే కారు ఆయన మాట వినడం మానేసింది. వెనక చక్రం వెళ్ళి కాలవగట్టు మీద రాయికి కొట్టుకుని డాం అని పేలింది. అక్కడ ఆగాం. కింద కాలవ నిండా నీళ్ళు. మా అత్తగారు ప్రార్థన మొదలుపెట్టింది.

కట్టె తాలూకు మనుషులు చేటలు పడేసి పరిగెత్తుకొచ్చారు. అందులో ఒక ముసలామె టైరు వంక, మా మరిది సూటు వంక చూసి, ఏం నాయనా, నున్నగా క్షవరం పెళ్ళికొడుక్కి చేయిస్తారు గానీ కారుక్కూడా చేయించారేంటి అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. స్టెప్నీ దించితే దానికి గేటరు పెట్టి ఉంది. చక్రం మార్చాలి, కారును గట్టు మీద నుంచి పైకి లాగాలి, ఆ తర్వాత ఆ గేటరు మీద నత్తలా పోవాలి. నాకు చెల్లెలి మాటే చెవిలో మోగుతోంది. దేవుడా, అది లేచిపోతుందండీ అన్నాను మా ఆయనతో. ఆయన జాకీ రాడ్డు పట్టుకుని కారు కిందకు దూరారు.

అప్పుడు ఆ ముసలామె కొడుకు స్కూటరు తెచ్చి, ఎక్కు బావా, కారు సంగతి వాళ్ళు చూసుకుంటారు, మీ మామగారు నిన్ను చూస్తే చాలు అన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి, బావా అని పిలిచాడు. మా మరిది కోటు గుండీలు పెట్టుకుని వెనక ఎక్కాడు.

మేం దబ్బు దబ్బుమంటూ బందరు చేరేసరికి ఎండ నడినెత్తికెక్కింది. చర్చి లోపలికి పోతే, ముందు వరసలో మా మరిది, తలనిండా మినప పొట్టు, తెల్ల సూటు మీద దారి దుమ్ము. పక్కన మా చెల్లెలు, ముసుగు తీయలేదు. పెళ్ళి ఇంకా కాలేదు. పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. తర్వాత మా అమ్మ చెప్పింది. స్కూటరు మీద అతను రాగానే పాస్టరుగారు మొదలుపెడదామన్నారట. ఒక్క ఘడియ కూడా ఆగనన్న పిల్ల, అక్కా బావగారూ వచ్చేదాకా ఆగండి, బావగారి కారు చప్పుడు నాకు తెలుసు, విన్నాక చెబుతాను అందట. మా గేటరు దబ్బు దబ్బు వీధి మొదట్లో వినబడగానే, ఇక మొదలుపెట్టండి అని లేచి నిలబడిందట.

మా ఆయన ఊరికి తిరిగి వచ్చీ రాగానే, పెళ్ళి బట్టలైనా మార్చకుండా, మంచం కింద సంచులు లాగి కొత్త టైర్లు వేశారు. ఆఖరి కుప్ప మా అత్తగారు కర్రలతో కొట్టించుకుంది. ఆడవాళ్ళు కొన్నాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. అటు తర్వాత టైరు సంగతి వచ్చినప్పుడల్లా ఆయన అడిగేది ఇంతే, ఈ బండి ఎక్కడికి పోవాలి, అక్కడ ఎవరు చూస్తూ కూర్చుంటారు. అరిగినా పొలానికి పోయి రావడానికి చాలు అనుకుంటే పోనిచ్చేవారు. ఎవరైనా ఎదురుచూస్తుంటే పోనిచ్చేవారు కాదు. ఆ రోజు పేలిన టైరును చెల్లెలు అడిగి మరీ తీసుకుంది, పెరట్లో దాన్ని పడుకోబెట్టి మట్టి నింపి కరివేపాకు మొక్క పెట్టింది. మొక్క చెట్టయి రెండుసార్లు కొట్టేశారు గానీ టైరు అలాగే ఉంది.

ఇప్పుడు మినుములు మిషన్లు నూరుస్తున్నాయి, రోడ్డు మీద కట్టె పరిస్తే కేకలేస్తారు, వెయ్యాల్సిందే. నా మనవరాలు నాలుగు టైర్లూ మార్పించింది. ఆ దారినే చల్లపల్లి మీదుగా వెళ్ళాం, మలుపు నేను గుర్తుపట్టేలోపే దాటిపోయింది. మా ఆయనా లేరు, ఆ కారూ లేదు. చెల్లెలి ఇంటి గుమ్మం ముందు కారు ఆగితే, అది పెరట్లో కరివేపాకు దూస్తూ, మాకు వీపు పెట్టి నించుని ఉంది. కొత్త టైర్లు, కొత్త కారు, చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. పిల్ల హారను కొట్టబోతే నేను వద్దన్నాను. ఆనాడు చర్చిలో మా చెల్లెలు వినడానికి కూర్చున్న చప్పుడు అది కాదు. దిగి, కర్ర పోటేసుకుంటూ, దాని వెనకగా వెళ్ళి నించున్నాను.