బుల్లెమ్మ పక్కన పెట్టిన బస్తాలు

నరసాపురం రేవు దాటితే అవతలి ఒడ్డున బుల్లెమ్మకి ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. చెట్ల నీడన కోకో వేసింది. చేపలమ్మే ఇంట పుట్టిన పిల్లకి చాక్లెట్ గింజల వ్యవసాయమేంటని నవ్విన ఊరే ఈరోజు ఆవిణ్ణి ప్రెసిడెంటు గారని పిలుస్తోంది. ఇరవై రెండు మంది చిన్న రైతుల సంఘానికి ఆవిడే పెద్ద. ఆ మాట వినిపిస్తే చాలు, నడక తీరే మారిపోతుంది.

ఫెయిర్ ట్రేడ్ ఒప్పందం తెచ్చింది ఆ సంఘమే. మార్కెట్ పడిపోయినా చాక్లెట్ కంపెనీ ఒప్పుకున్న ధర తగ్గించదు. అదనంగా వచ్చిన సొమ్ముతో గింజలు పులియబెట్టే చెక్కపెట్టెలు కొన్నారు. అయితే కంపెనీ కొనేది సగం పంటే, మిగతాది వ్యాపారి దయ. పైగా అందరి గింజలూ ఒకే సరుకుగా వెళ్తాయి. ఒక్కరివి చెడితే మొత్తం వెనక్కి వస్తుంది.

ఈ ఏడు గింజలు ఎండుతుండగా ముసురు పట్టింది. బుల్లెమ్మ హడావిడిగా పక్కింటి అక్క తలుపులమ్మ టార్పాలిన్ పట్టా తెచ్చి, అందులో గింజలు చుట్టి రెండు రోజులు ఉంచింది. తలుపులమ్మ ఎండుచేపలు ఆరబోసేది ఆ పట్టా మీదే. పుట్టినప్పటినుంచీ అలవాటైన ముక్కుకి ఆ చేపల కంపు వాసనగానే తోచలేదు.

బస్తాలు ఎత్తడానికి వచ్చిన సంఘం సభ్యుడు లోవరాజు బస్తా మూతి విప్పగానే మొహం తిప్పుకున్నాడు. బుల్లెమ్మ గుప్పెడు గింజలు మూడుసార్లు వాసన చూసింది. ఏమీ తెలియలేదు.

"మీ నాలుగు బస్తాలూ అందరివాటిలో కలిపేద్దామండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడతను మెల్లగా.

ఆ ఏడు ఇల్లు గడవాల్సింది ఆ బస్తాలతోనే. చెడిన సరుకుకి ఒప్పందంలో దిక్కు లేదు. న్యాయమైన ధర మంచి గింజకే గానీ, దాన్ని పండించిన మనిషికి కాదు. ఆ ముక్క ఏ కాగితంలోనూ పెద్దక్షరాల్లో కనిపించదు. బుల్లెమ్మ తన బస్తాలు తానే పక్కకి ఈడ్చింది.

"నీ ముక్కు చెప్పిందే నిజం లోవరాజూ. నావి కలపొద్దు."

అవి వ్యాపారి అడిగిన ధరకే పోయాయి.

వారం తర్వాత కంపెనీ తరఫున శృతి వచ్చింది. గింజలు కోసి, వాసన చూసి, ఈ సీజన్లో ఇంత మంచి సరుకు ఎక్కడా దొరకలేదంది. పండించినవాళ్ళ పేర్లు అడిగితే, బుల్లెమ్మ ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో సహా చెప్పింది.

"ఇరవై ఒకటే వచ్చాయండి. మీ పేరు మర్చిపోయారు," అంది శృతి.

"మర్చిపోలేదమ్మా. నావి చేపల పట్టాలో పాడయ్యాయి, నేనే పక్కన పెట్టేశాను," అంది బుల్లెమ్మ తలెత్తుకుని. "అది కూడా రాసుకోండి."